అర్జీ రెండు పేజీలు దాటితే

ప్రశ్న: మా వీధి కాలువ పూడిక గురించి జీవీఎంసీకి (విశాఖ నగరపాలక సంస్థకు) రాసిన అర్జీ రెండు పేజీలైంది. ఎలా తగ్గించాలి?
– ఒక పాఠకురాలు, మద్దిలపాలెం, విశాఖపట్నం

జవాబు: మీరు పంపిన ప్రతిలో ‘పూడిక తీయించండి’ అన్న అసలు మాట రెండో పేజీ చివర ఉందండీ. దాన్ని మొదటి పేరాలోకి తెండి. వార్డు, వీధి, ఎన్నాళ్లుగా నీరు నిలుస్తోందో కూడా అక్కడే చెప్పండి. ‘తీవ్ర అసౌకర్యం కలుగుచున్నది’ అంటే అధికారికి ఏమీ కనబడదు. ‘వాన పడితే గుమ్మం దాకా మురుగు’ అంటే కనబడుతుంది. పాత ఫిర్యాదుల కథంతా తీసేయండి, రసీదు నకలు జతచేస్తే చాలు.

రాసిన వెంటనే దిద్దకండి. అప్పుడు కాగితం మీదున్నది కాక, మనసులో ఉన్నదే చదువుతాం. ఒక రాత్రి ఆగి పైకి చదవండి. ఊపిరి చాలని వాక్యాన్ని రెండుగా విరవండి. తేదీలు, ఇంటి నంబర్లు మాత్రం విడిగా మరోసారి చూసుకోండి.