ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డకట్టిందని ఆలస్యంగా కనిపెట్టారు, ఆసుపత్రి మీద కేసు వేయొచ్చా?

వేయొచ్చు. కానీ లాయరు కంటే ముందు కేస్ షీట్ చేతికి తెచ్చుకోండి. మా అక్క విషయంలో మేం ఆ పని ఆలస్యంగా చేశాం, అందుకే చెబుతున్నా.

అక్క స్కూటీ మీంచి పడి కాలు విరిగితే పిండికట్టు వేశారు. మూడో వారంలో బాత్రూమ్ దాకా నాలుగడుగులు వేసినా ఆయాసం, గట్టిగా ఊపిరి తీస్తే పక్కటెముకల్లో పొడిచినట్టు నొప్పి. తీసుకెళ్తే ఈసీజీ తీసి గ్యాస్ అన్నారు. రెండు రోజులకు మళ్ళీ వెళ్ళాం. "టెన్షన్ పడుతున్నావమ్మా" అని నిద్రమాత్ర రాశారు. ఆడవాళ్ళు ఆయాసం అంటే చాలు, మన దగ్గర అయితే గ్యాస్, లేకపోతే టెన్షన్! ఎదురుగా కట్టుతో కూర్చున్న మనిషి కాలు చూడటానికి ఎంతసేపు పడుతుంది? కట్టు వేసిన రోజు మెట్టె తీయమంటే అక్క ఒప్పుకోలేదు. ఇప్పుడు వేలు ఉబ్బి ఆ మెట్టె కండలోకి దిగిపోయింది. అమ్మ సబ్బునీళ్ళు రాసి లాగినా రాలేదు.

మర్నాడు తెల్లవారుజామున బాత్రూమ్ గుమ్మంలో పడిపోయింది. వేరే ఆసుపత్రికి పరిగెత్తాం. అక్కడి క్యాజువాలిటీ డాక్టరు దుప్పటి తీసి అడిగిన మొదటి మాట, "కట్టు వేసి ఎన్నాళ్ళయింది?" గంటలోపు సీటీ స్కాన్ తీయించి, రక్తం గడ్డకట్టకుండా చేసే హెపారిన్ మందు మొదలుపెట్టారు. కట్టుతో కదలకుండా ఉన్న కాలి సిరలో కట్టిన రక్తపు గడ్డే ఊపిరితిత్తులకు చేరిందట. బతికింది.

"బతికింది కదా, కేసులెందుకు" అన్న బంధువుల మాట మాత్రం నాకిప్పటికీ మింగుడుపడదు.

రికార్డుల కోసం మొదటి ఆసుపత్రివాళ్ళు మూడు వారాలు తిప్పారు. నోటిమాటగా అడిగితే అంతే. పేషెంటు అడిగిన 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలని 2002 నాటి మెడికల్ కౌన్సిల్ నిబంధనల్లోనే ఉంది. ఆ మాట రాసి రిజిస్టర్ పోస్టులో పంపాక ఇచ్చారు. డబ్బు కట్టి చేయించుకున్న వైద్యం వినియోగదారుల చట్టం కిందకు వస్తుందని సుప్రీంకోర్టు 1995లోనే తేల్చింది. సాధారణంగా రెండేళ్ళలోపు జిల్లా వినియోగదారుల కమిషన్‌లో వేయాలి. మీరుండే జిల్లాలోనే వేయొచ్చు, లాయరు తప్పనిసరి కాదు.

"ఇంకో డాక్టరు సాక్ష్యం లేకుండా కేసు నిలవదు" అని భయపెడతారు. నమ్మకండి. హైదరాబాద్‌లో మలేరియా జ్వరానికి టైఫాయిడ్ మందులు వాడి, భార్య చనిపోతే వి.కిషన్‌రావు వేసిన కేసులో, ప్రతి కేసుకీ నిపుణుడి అభిప్రాయం అక్కర్లేదని 2010లో సుప్రీంకోర్టు చెప్పి, 2 లక్షల పరిహారాన్ని నిలబెట్టింది. అలాగని ఆలస్యమైన ప్రతిసారీ నిర్లక్ష్యం అనలేం. మామూలు జాగ్రత్తగల డాక్టరుకు అనుమానం రావాల్సిన సంగతులు కళ్ళముందు ఉన్నాయా అన్నదే అసలు ప్రశ్న.

మా దగ్గరున్న మొదటి ఓపీ చీటీలో "ఆయాసం, ఛాతీ నొప్పి" అని రాసి ఉంది. కాలి కట్టు గురించి ఒక్క ముక్క లేదు. మా ఫిర్యాదుకు మొదట జతచేసిన కాగితం అదే.