మొదటి స్కానర్‌లో గరగర తప్ప ఏమీ వినిపించకపోతే

కరీంనగర్‌లో ఉంటాను, సెకండ్‌హ్యాండ్ చేతి స్కానర్ (ఫ్రీక్వెన్సీలు ఒక్కొక్కటే తిప్పుతూ సిగ్నల్ ఉన్నచోట ఆగే రేడియో) కొన్నాను, మూడు రోజులుగా గరగర తప్ప ఏమీ రావడం లేదు, సెట్టు పాడైందా, మీ మొదటి స్కానర్‌తో మీకెలా జరిగింది అని అడిగారు. సెట్టు బాగానే ఉండి ఉంటుంది. నాకు కూడా అచ్చం ఇలాగే జరిగింది, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

మాది కాజీపేట. 2006లో మా కాక దుబాయ్ నుంచి సెలవు మీద వస్తూ, అక్కడ తోటి పనివాడి దగ్గర కొన్న ఐకామ్ ఐసీ-ఆర్5 తెచ్చిచ్చాడు. అరచేతిలో పట్టేంత సెట్టు, రెండు పెన్సిల్ బ్యాటరీలు. అడుగున 150 కిలోహెర్ట్జ్ నుంచి పైన 1300 మెగాహెర్ట్జ్ దాటేదాకా పడుతుందని పుస్తకంలో ఉంది. అంత పెద్ద రేంజి చూసి, ఆన్ చేయగానే లోకమంతా వినిపిస్తుందనుకున్నాను. వరంగల్ ఎఫ్ఎం స్టేషన్ ఒక్కటే బాగా వచ్చింది. మిగతా అంతా గరగర. రిపేరు షాపులో చూపిస్తే లోపల ఐసీ పోయింది, బాగు కాదు అన్నారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

అసలు తప్పు మోడ్‌లో, అంటే మాటను ఏఎంగా తీయాలా ఎఫ్ఎంగా తీయాలా అని సెట్టుకు చెప్పే సెట్టింగులో ఉంది. విమానాల మాటలు 118 నుంచి 137 మెగాహెర్ట్జ్ మధ్య ఏఎంలో నడుస్తాయి. అంత పై ఫ్రీక్వెన్సీలో ఏఎం ఉంటుందని నాకు తట్టలేదు. ముందు వాడినాయన ఎఫ్ఎంలో పెట్టి వదిలేసినట్టున్నాడు, నేను అలాగే తిప్పుతూ కూర్చున్నాను. రెండోది స్క్వెల్చ్, అంటే సిగ్నల్ లేనప్పుడు గరగరను నోరు మూయించే సెట్టింగు. అది పూర్తిగా తెరిచి ఉంటే స్కానర్ ప్రతి గరగర దగ్గరా ఆగిపోతుంది. మరీ బిగిస్తే సన్నని సిగ్నల్ మీద నుంచి దాటిపోతుంది. గరగర సరిగ్గా ఆగే చోటుకు తెచ్చి, అక్కడి నుంచి ఒక్క మెట్టు మాత్రమే పెంచండి.

ఇంకొకటి మిమ్మల్ని తప్పకుండా మోసం చేస్తుంది. ఒకచోట సెట్టు ఆగి, మాటా పాటా లేకుండా సన్నగా కూత పెడుతూ ఉంటుంది. అలాంటి చోటొకటి పట్టుకుని వారం రోజులు రాత్రీ పగలూ విన్నాను, ఎవరో ఎప్పుడో మాట్లాడతారని. చివరికి యాంటెనా ఊడదీసి చూశాను. కూత అలాగే ఉంది! సెట్టు లోపల ఫ్రీక్వెన్సీలు పుట్టించే ఆసిలేటర్ల నుంచే వచ్చే సిగ్నల్ అది. హాబీలో ఉన్నవాళ్లు బర్డీ అంటారు. యాంటెనా తీసినా పోకపోతే అది బయటి నుంచి వచ్చింది కాదన్నట్టే, స్కానర్ మళ్లీ అక్కడ ఆగకుండా ఆ చానల్‌ను స్కిప్‌లో వేసేయండి.

మోడ్ మార్చిన సాయంత్రం బంగ్ల మీద మొదటి గొంతు విన్నాను. "ఫ్లైట్ లెవెల్ త్రీ ఫైవ్ జీరో" (ముప్పై అయిదు వేల అడుగుల ఎత్తు) అన్నాడు పైలట్, ఆగాడు, ఏదో మళ్లీ చెప్పాడు. పక్కనే మిరపకాయలు ఎత్తుతున్న మా అవ్వ "ఎవలతోని మాట్లాడుతుండు? అవతలోల్లు ఏమంటలేరా?" అని అడిగింది. సరైన ప్రశ్న. ఎంత విన్నా పైలట్ గొంతే తప్ప కింద నుంచి జవాబు వినబడేది కాదు. దానికి కారణం తెలుసుకున్నప్పుడే ఈ హాబీ నన్ను పట్టుకుంది. ఈ ఫ్రీక్వెన్సీలు దాదాపు చూపు ఆనినంత దూరమే పోతాయి. పదిన్నర కిలోమీటర్ల ఎత్తున ఉన్న విమానానికి ఆ దూరం నాలుగు వందల కిలోమీటర్ల పైనే. నేల మీద విమానాలతో మాట్లాడే టవర్‌కూ మా బంగ్లకూ మధ్య అది ముప్పై నలభై కిలోమీటర్లు దాటదు. హైదరాబాద్ మాకు నూట ముప్పై కిలోమీటర్లు. సగం సంభాషణ వినిపించడం సెట్టు లోపం కాదు, భూమి గుండ్రంగా ఉండటం.

యాంటెనా మాట. సెట్టుతో వచ్చిన రబ్బరు యాంటెనాతో ఇంట్లో కూర్చోకండి. రెండు కడ్డీల యాంటెనా చేసుకోండి. 71ని మీరు వినాలనుకున్న ఫ్రీక్వెన్సీ మెగాహెర్ట్జ్‌తో భాగిస్తే ఒక్కో కడ్డీ పొడవు మీటర్లలో వస్తుంది. 145 మెగాహెర్ట్జ్‌కి దగ్గర దగ్గర 49 సెంటీమీటర్లు. రెండు అల్యూమినియం కడ్డీలు, కేబుల్ టీవీ వైరు ముక్క, సరైన కనెక్టర్ చాలు. వినడానికే కాబట్టి ఆ టీవీ వైరైనా నడుస్తుంది. మా ఇంటి పక్క కరెంటు రైలు తీగల కింద ఇంజిన్ పోయిన ప్రతిసారీ ఏఎంలో బర్రున మోత వచ్చేది. యాంటెనాను ఇంటి రెండో వైపుకు మార్చాక చాలా తగ్గింది.

ఒక విషయం గట్టిగా చెప్పాలి. మన దేశంలో వైర్‌లెస్ పరికరం దగ్గర ఉంచుకోవడానికే లైసెన్సు కావాలన్న నియమం 1933 చట్టం నుంచీ ఉంది. అప్పట్లో నాకది తెలియదు. పోలీసుల మాటలు, ఇతరుల సొంత మాటలు వినే ఆలోచనే పెట్టుకోకండి. ముందు అమెచ్యూర్ పరీక్ష (సరదాకి రేడియో నడిపే హామ్‌లు రాసేది) రాసి లైసెన్సు తీసుకోండి, 12 ఏళ్లు నిండినవాళ్లు రాయవచ్చు. తర్వాత 144–146 మెగాహెర్ట్జ్ హామ్ బ్యాండ్‌తో మొదలుపెట్టండి. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం అప్పుడప్పుడు 145.800లో ఎఫ్ఎం మీద ఎస్ఎస్‌టీవీ బొమ్మలు, అంటే శబ్దంగా మార్చిన బొమ్మలు పంపుతుంది. నెత్తి మీదుగా పోతే పది నిమిషాల దాకా వినిపిస్తుంది, ఫోన్‌లో యాప్ పెట్టి స్కానర్ దగ్గర పట్టుకుంటే గీత గీతగా బొమ్మ తయారవుతుంది. మీ సెట్టు మంచిదో కాదో అదే చెబుతుంది.

కాక తిరిగి దుబాయ్ పోయిన రాత్రి సంగతి కూడా చెబుతాను. అప్పటికి ఇంకా బేగంపేట ఎయిర్‌పోర్టే. టికెట్ మీది ఫ్లైట్ నంబరు చీటీ మీద రాసుకుని, బాపూ నేనూ బంగ్ల మీద కూర్చున్నాం. 25 కిలోహెర్ట్జ్ చొప్పున 760 చానళ్లు స్కానర్ తిరుగుతూనే ఉంది. విమానం కిలోమీటరు ఎత్తుకు లేచాక మాకు వినిపించాలని నా లెక్క. అనుకున్న టైము దాటి అర్ధగంటకు ఆ నంబరు చెబుతూ పైలట్ పలికాడు. కింది వాళ్లు వేరే ఫ్రీక్వెన్సీకి మారమన్నప్పుడల్లా పైలట్ ఆ అంకెలు తిరిగి చదువుతాడు, నేను అవే నొక్కుతూ వెంట పోయాను. మూడోసారి మార్చినప్పుడు ముంబై పేరు వినిపించింది. తర్వాత గొంతు మెల్లగా గరగరలో కలిసిపోతూ వచ్చింది. ఇంక రాదు బాపూ అంటే, ఇంకొంచెంసేపు ఉంచు అన్నాడు. బ్యాటరీలు అయిపోయేదాకా ఉంచాను.