డ్రోన్ ప్లాటూన్‌కు పోయిన మేనల్లునికి

ఒరే అల్లుడూ,

నిన్ను డ్రోన్ ప్లాటూన్‌కు తీసుకున్నారని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. "బొమ్మ ఎగరేసేదానికి అంత దూరం పోవల్లనా అన్నా" అని ఒకటే నవ్వు. నాకు నవ్వు రాలేదు. నేను సర్వీసులో ఉన్నప్పుడు ఒక గట్టు అవతల ఏముందో చూసొచ్చేదానికి నలుగురం రెండు రాత్రులు పాక్కుంటా పోయినాం. చూసింది అరగంట. ఆ పని ఇప్పుడు కిలో తూగని మిషను పది నిమిషాల్లో చేసుకొస్తాది.

పెన్షన్ వచ్చినాక డ్రోన్ ఎగరేసేదానికిచ్చే రిమోట్ పైలట్ సర్టిఫికెట్ తీసుకొని వేరుశనగ చేన్లకు డ్రోన్‌తో మందు కొడుతున్నా కదా. రెండు పక్కలా చూసినోణ్ని కాబట్టి చెప్తాండా.

మావిక్ 3 అనే చిన్న కెమెరా డ్రోన్ ఒక చార్జికి గాల్లో ఉండేది కంపెనీ లెక్కలో 46 నిమిషాలు. అది గాలి లేని చోట కొలిచింది. పోయేటప్పుడు గాలి వెనక నుంచి తోస్తాంటే సంబరంగా ఉంటాది, వచ్చేటప్పుడు అదే గాలి ఎదురైతాది. మొదటి ఏడు రామగిరి గాలిమరల పక్క నేను ఇట్లే ఒకదాన్ని ఆముదం చేన్లో కూల్చుకున్నా. ముందు గాలికి ఎదురుపో, అప్పుడు ఇంటికొచ్చేదానికి గాలి తోడుంటాది. చలి చోట్ల బ్యాటరీ బలం తగ్గుతాది, ఎగరేసేంతవరకు జాకెట్ లోపల ఒంటికి ఆనించుకో. ఇక్కడ మా కష్టం వేరే. 42 డిగ్రీల ఎండలో దిగిన బ్యాటరీని వేడిమీదనే చార్జికి పెడితే ఉబ్బుతాది. చింతచెట్టు నీడలో చల్లారినాకే పెడతా. నిండా చార్జి చేసి వారాల తరబడి మాత్రం దాచొద్దు.

నేను చానా భయపడేది ఇంకొకదానికి. సిగ్నల్ పోతే మిషను లేచిన చోటికే తిరిగొస్తాది. తేనె తీసేవాళ్లు ఈగ పోయే దారి చూసి తుట్టె పట్టినట్లు, శత్రువు దాని వెనకాలే నీ దగ్గరికొస్తాడు. అందుకే పడుకునే చోటు నుంచి ఎప్పుడూ లేపొద్దు. మావిక్ చేసే చైనా కంపెనీ డీజేఐ అమ్మిన ఏరోస్కోప్ అనే పెట్టె, మిషను యాడుందో, ఎగరేసేవాడు యాడున్నాడో రెండూ చూపిస్తాది. 2017లో అమెరికా సైన్యం ఆ కంపెనీ డ్రోన్లు ఆపేయమంది. మన రక్షణ శాఖ కూడా చైనా భాగాలున్నాయని 2025లో 400 డ్రోన్ల ఒప్పందాలు రద్దు చేసింది. మీకిచ్చిన దాంట్లో ఏముందో అడిగి తెలుసుకో, అడగడం తప్పు కాదు.

ఇంక, ఆ మిషను ఎప్పుడో ఒకప్పుడు పోతాది. మన కర్నూలు కాడ, ఓర్వకల్లు పక్కనుండే ఆయుధ పరీక్షల రేంజిలో మన రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీవో 2025 ఏప్రిల్‌లో లేజర్‌తో డ్రోన్లు కూల్చింది. మనకొచ్చిన విద్య అవతలోనికి రాకుండా ఉంటాదా? చవకది కొనేదే పోయినా ఏడవకుండా ఉండేదానికి. కానీ ఫౌజులో పోయిన వస్తువుకు కాగితాలు ఎన్ని రాయల్లో నాకు తెలుసు. మా యూనిట్‌లో ఒక బైనాక్యులర్ పోతే నెలల తరబడి విచారణ. ఆ భయానికి తర్వాత ఎవడూ దాన్ని పెట్టెలోనుంచి బయటికి తీయలేదు. నువ్వు ముందే మీ సాబ్‌తో మాట్లాడి పెట్టుకో, పోతే ఏమి రాయల్ల, ఎవరు సంతకం పెట్టల్ల అని. కూలిన మిషను కోసం మాత్రం ఏ పిల్లోన్నీ పంపనీయొద్దు.

ఎగరేసేవాడే చూడాలనుకోవద్దు. ఒకడు కంట్రోలర్ పట్టుకుంటే ఇంకొకడు స్క్రీన్ చూసి రాసుకోవల్ల. ఏమి వెతకాలో లేవకముందే అనుకోండి. నిన్నటి వీడియో, ఈ పొద్దుది పక్కపక్కన పెట్టి చూడు: కొత్త బండి జాడ, నిన్న లేని నీడ. తెల్లవారి, సాయంత్రం నీడలు పొడుగ్గా పడతాయి, మధ్యాహ్నం కనపడనివి అప్పుడు కనపడతాయి. మా కాలంలో ఇదంతా కాళ్లతో నేర్చుకున్నాం. నువ్వు కూడా నడవడం మానొద్దు. చెట్టు కిందున్నది పైనుంచి కనపడదు.

సెలవుకు వచ్చినప్పుడు నా చేనికి రా. నా మందు డ్రోన్ ట్యాంకులో నీళ్లు పోసి, జీపీఎస్ ఆపేసి చేత్తోనే దాన్ని గాల్లో నిలబెట్టేది నేర్పిస్తా. మొదటిరోజు గట్టుకు కొడతావు, ఏమీ అనను.

మీ మామ