బొక్కసం తాళాలు ఎవరికి అప్పగించారు?

ప్రశ్న: పూర్వపు సంస్థానం వారి దివాణంలో ముప్పై ఏళ్లు బొక్కసం తాళాలు చూసి, 2013లో పదవీ విరమణ చేశాను. మరుసటి ఏడాది రాజవంశపు నగలు పోయాయి. దొంగ దొరకక కేసు మూసేశారు. ఇప్పుడు మళ్లీ విచారణకు రమ్మని పోలీసులు నోటీసు ఇచ్చారు. నా వయసు 69. నమ్మకంగా పనిచేసిన నాకు ఈ అవమానమేమిటి? ఇంత పాత కేసు చెల్లుతుందా? వెళ్లకపోతే ఏమవుతుంది? తాళాలు అప్పగించినట్లు రిజిస్టరులో నమోదు లేదు. ఆ రిజిస్టరు నా దగ్గరే ఉంది కాబట్టి ఇప్పుడు రాసేయమని మా బావగారి సలహా.

జవాబు: మీ విశ్వాసపాత్రత దర్యాప్తు అధికారికి అక్కరలేదు. నగలు పోయిన నాటికి తాళం చెవులు ఎవరి స్వాధీనంలో ఉన్నాయి, దానికి రుజువేమిటి అన్నదొక్కటే ఈ కేసును తేలుస్తుంది. ముప్పై ఏళ్లు తాళాలు కాచిన మనిషి వాటిని అప్పగిస్తూ ఒక్క సంతకమైనా తీసుకోకపోవడం, పైగా దివాణం రిజిస్టరును ఇంటికి తెచ్చుకోవడం చిన్న ఏమరుపాటు కాదు.

విచారణకు వెళ్లకపోతే ఏమవుతుందో ఒక పాత కేసు చెబుతుంది. 1907 జూలైలో, బ్రిటన్ రాజు ఎడ్వర్డ్ రాకకు కొద్ది రోజుల ముందు డబ్లిన్ కోటలో ఐర్లండ్ రాజలాంఛన నగలు మాయమయ్యాయి. ఇనప్పెట్టె తాళం చెవులు రెండూ సంరక్షకుడైన ఆర్థర్ వికర్స్ అధీనంలోనివే. బహిరంగ విచారణ జరిపితేనే వస్తానని ఆయన భీష్మించుకోగా, 1908లో విచారణ కమిషన్ ఆయన వాంగ్మూలం లేకుండానే ఆయన అజాగ్రత్తను తేల్చింది, ఉద్యోగమూ పోయింది. నగలు నేటికీ దొరకలేదు, ఆయన దొంగ అని రుజువూ కాలేదు.

కాలపరిమితి మీకు అక్కరకు రాదు. మూడేళ్ల గడువు, గరిష్ఠ శిక్ష మూడేళ్లు దాటని నేరాలకే. 2014 నాటి ఘటనకు పాత శిక్షాస్మృతే (ఐపీసీ) వర్తిస్తుంది. అందులో భవనంలో దొంగతనానికి (380), నౌకరు చేసిన దొంగతనానికి (381), నౌకరు నమ్మకద్రోహానికి (408) ఏడేళ్ల వరకు శిక్ష ఉంది కనుక ఆ గడువు వాటికి లేదు. మూసిన కేసులో కొత్త ఆధారం దొరికితే దర్యాప్తు కొనసాగించవచ్చు.

మీ బావగారి మాట వినకండి. ఆ రిజిస్టరులో ఒక్క అక్షరం చేర్చినా దొంగ సాక్ష్యం సృష్టించినట్లే, దానికే ఏడేళ్ల వరకు శిక్ష పడవచ్చు. సాక్షిగా వెళ్లవలసిన మీరు ముద్దాయిగా మిగులుతారు. రిజిస్టరును ఉన్నదున్నట్లుగా న్యాయవాది సమక్షంలో దర్యాప్తు అధికారికి అప్పగించి, ఈసారైనా రసీదు తీసుకోండి.

ఇక నోటీసులో సెక్షన్ చూడండి. సాక్షిగా పిలిచినదైతే (పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 160, దాని స్థానంలో వచ్చిన నాగరిక సురక్షా సంహితలో 179) మీ వయసు వారిని ఇంటి వద్దే ప్రశ్నించాలి, స్టేషనుకు రమ్మని బలవంతపెట్టరాదు. అనుమానితుడిగా పిలిచినదైతే (పాత 41-ఎ, కొత్త 35) వెళ్లి తీరాలి, లేకుంటే అరెస్టుకు మీరే దారి ఇచ్చినట్లు. ఏ హోదాలోనైనా, మిమ్మల్ని నేరంలో ఇరికించే ప్రశ్నకు జవాబు చెప్పకుండా ఉండే హక్కును సుప్రీంకోర్టు 1978లో నందినీ శత్పథి కేసులో గుర్తించింది. మిగతావాటికి నిజమే చెప్పండి. పోలీసులు రాసుకున్న వాంగ్మూలం మీద సంతకం అక్కరలేదు, ఖాళీ కాగితం మీద అసలే వద్దు.

మీ తర్వాత వచ్చిన గుమాస్తా కొత్త రిజిస్టరు తెరిచి ఉంటే, పండుగకో పెళ్లికో బొక్కసం తీసిన మొదటి నమోదు ఆయన చేతిరాతలోనే ఉంటుంది. తాళాలు మీ చేతిలో లేవనడానికి ఇంతకన్నా బలమైన కాగితం మీకు దొరకదు. ఆ రిజిస్టరును దివాణం నుంచి తెప్పించమని దర్యాప్తు అధికారికి రాతపూర్వకంగా అర్జీ ఇచ్చి, నకలు మీద స్టేషను ముద్ర వేయించుకోండి.