శాట్ రెండుసార్లు రాస్తే ఏ స్కోరు పంపాలి?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం చదువుతోంది. అమెరికాలో ఇంజినీరింగ్ చదవాలన్న కోరికతో శాట్ రెండుసార్లు రాసింది. మొదటిసారి రీడింగ్ అండ్ రైటింగ్‌లో 620, మ్యాథ్‌లో 760 వచ్చాయి. రెండోసారి 680, 730 వచ్చాయి. ఎక్కువ వచ్చిన 680ని, 760ని మాత్రమే కళాశాలలకు పంపవచ్చా?
- ఒక తల్లి, హనుమకొండ

జవాబు: అలా విడదీసి పంపే వీలు లేదమ్మా. శాట్ నిర్వహించే కాలేజ్ బోర్డు స్కోర్లను పరీక్ష తేదీల వారీగానే పంపుతుంది కాబట్టి, మీరు ఏ తేదీని ఎంచుకున్నా ఆ రోజు వచ్చిన రెండు సెక్షన్ల స్కోర్లూ కలిసే వెళ్తాయి. అయితే మీరు కోరుకుంటున్న పనిని అక్కడి కళాశాలలు చాలావరకు తామే చేస్తాయి. రెండు తేదీల స్కోర్లూ అందితే ఒక్కో సెక్షన్‌లో వచ్చిన అత్యధిక స్కోరును తీసుకుని కలుపుతాయి. దీన్నే సూపర్‌స్కోర్ అంటారు. మీ అమ్మాయి మొత్తాలు విడివిడిగా 1380, 1410 అయినా, ఈ పద్ధతిలో 1600కు 1440 అవుతుంది.

మన దగ్గర ఈ పద్ధతి లేకపోవడం వల్లే ఈ సందేహం సహజంగా వస్తుంది. జేఈఈ మెయిన్ రెండు విడతలూ రాసినవారికి మెరుగైన విడత మొత్తం స్కోరుతోనే ర్యాంకు ఇస్తారు తప్ప, ఒక విడత గణితాన్ని మరో విడత భౌతికశాస్త్రంతో కలపరు. మన వరంగల్ నిట్‌లో బీటెక్ సీటుకూ ఆ ర్యాంకే ఆధారం. సబ్జెక్టు స్కోర్లను విడిగా చూసేది ఇద్దరి మొత్తం సమానమైనప్పుడే.

అమెరికాలో అన్ని కళాశాలలదీ ఒకే నియమం కాదు. 2022లో పరీక్షను మళ్లీ తప్పనిసరి చేసిన ఎంఐటీ, ఒక్కో సెక్షన్‌లో అత్యధిక స్కోరునే పరిగణిస్తుంది. జార్జ్‌టౌన్ విశ్వవిద్యాలయం రాసిన అన్నిసార్ల స్కోర్లనూ చాలాకాలంగా కోరుతూ వచ్చింది. అలా అడిగినచోట ఏ తేదీనీ దాచకూడదు. స్కోరు పంపడం ఐచ్ఛికమైన కళాశాలలూ ఉన్నాయి.

ఇంజినీరింగ్ కోరుతున్న విద్యార్థిని కాబట్టి 760 కళాశాల దృష్టికి వెళ్లడం చాలా అవసరమని నా అభిప్రాయం. సూపర్‌స్కోర్ పద్ధతి పాటించే ప్రతి కళాశాలకూ రెండు తేదీల స్కోర్లూ పంపండి. ఒకే తేదీ మొత్తాన్ని చూసే కళాశాలకైతే 1410 వచ్చిన తేదీ చాలు.

ఆమె మూడోసారి రాయదలిస్తే ఒక జాగ్రత్త పాటించండి. పరీక్ష తర్వాత తొమ్మిది రోజుల్లోపు కోరితే నాలుగు కళాశాలలకు ఉచితంగా పంపుతారు, కానీ అప్పటికి స్కోరు ఎంతో తెలియదు. ఆ ఖర్చు మిగుల్చుకోవడం కంటే, స్కోరు చూశాకే రుసుము కట్టి పంపడం మంచిది.