కొత్త టీవీకి అంత డబ్బు పెట్టే ముందు మాటలు వినపడుతున్నాయో లేదో చూడండి

ఉన్న టీవీ బాగానే పనిచేస్తోంది, అయినా ఇంకా సన్నటి చుక్కల బొమ్మకు 8కె అని, చుట్టూ, పైనుంచి కూడా వినపడే శబ్దానికి అట్మాస్ అని కొత్తవి వస్తున్నాయి, వాటికి అంత ధర పెట్టడం దండగా కాదా అని మీరు అడిగారు. వచ్చిన కొత్తలో కొంటే దండగే. రెండు మూడేళ్లు ఆగితే కొన్నిటికి పెట్టొచ్చు. ఇంట్లోకి 8కె మాత్రం ఎప్పటికీ అక్కర్లేదు, ఈ విషయంలో నాకు రెండో ఆలోచన లేదు.

4కె తెర మీద అడ్డంగా 3840, నిలువుగా 2160 చుక్కలుంటాయి. 8కెలో అటూ ఇటూ రెట్టింపు, మొత్తం మూడు కోట్ల పైమాటే. వినడానికి ఘనంగానే ఉంటుంది. కానీ చూడాల్సింది మన కన్ను. మామూలుగా బాగున్న చూపుకు డిగ్రీలో 60వ వంతు కంటే సన్నటి వివరం విడిగా ఆనదని ఒక లెక్క. ఆ లెక్కన 55 అంగుళాల 4కె టీవీకి మూడున్నర అడుగులు దాటి కూర్చుంటే దాని చుక్కలే మన కంటికి కలిసిపోతాయి. 75 అంగుళాలదైతే ఐదడుగులు. అంతకన్నా దగ్గరగా కుర్చీ వేసుకుని ఇంటిల్లిపాదీ సినిమా చూస్తారా? పైగా 8కెలో తీసి, 8కెలోనే మనదాకా వచ్చే సినిమాలు ఎన్నున్నాయని?

కంపెనీలు ఇలా ఊరించడం కొత్తేమీ కాదు. 2010 ప్రాంతంలో ఇక ఇంటింటా త్రీడీయే అన్నారు. అద్దాలు పెట్టుకుని కూర్చోవడం జనానికి నచ్చలేదు. 2017కల్లా ఎల్‌జీ, సోనీ కూడా వాటిని తయారుచేయడం మానేశాయి. అంతకు ముందు 2006లో వచ్చిన హెచ్‌డీ డీవీడీ అనే కొత్తరకం సినిమా డిస్కును తోషిబా 2008 ఫిబ్రవరిలోనే వదిలేసింది. ముందుగా ఎగబడి కొన్నవాళ్లకు మిగిలింది అటక మీద ఒక డబ్బా.

అలాగని కొత్తదంతా చెత్త అనను. ఓఎల్ఈడీ రకం టీవీని చూడండి. సోనీ 2007లో మొదటిసారి అమ్మినప్పుడు తెర 11 అంగుళాలే. 2013 నాటికి 55 అంగుళాలవి వచ్చాయి, ఆ తర్వాత ఏటా ధర దిగుతూ వచ్చింది. అందులో ఏ చుక్కకు ఆ చుక్కే వెలుగుతుంది, నల్లగా ఉండాల్సిన చోట పూర్తిగా ఆరిపోతుంది. రాత్రి సీను బూడిద రంగులో కాకుండా రాత్రిలా కనిపిస్తుంది. ఈ తేడా గది ఆ చివర కూర్చున్నా తెలుస్తుంది. నా మటుకు నాకు డబ్బు పెట్టదగ్గ బొమ్మ అదే.

అయితే నేను అసలు చెప్పాలనుకున్నది బొమ్మ గురించి కాదు, మాట గురించి.

మా బావ పెద్ద టీవీ కొన్నాడు. గోడకు అతికించినట్టు అంత పలచగా ఉంది. అక్క, పిల్లలు, అమ్మ, నేను అందరం కూర్చున్నాం. సినిమాలో వాన సీను వచ్చింది. వాన చప్పుడు ఇల్లంతా నిండిపోయింది, హీరోయిన్ ఏదో చెబుతోంది. "ఏమందిరా?" అంది అమ్మ. అక్క చెప్పేలోపు తర్వాతి డైలాగ్ వెళ్లిపోయింది. బావ సౌండ్ పెంచాడు, వెంటనే ఫైట్ మొదలై చిన్నాడు చెవులు మూసుకున్నాడు, తగ్గించాడు. మళ్లీ గుసగుసలు, మళ్లీ "ఏమందిరా?" కాసేపటికి అమ్మ "మీరు చూడండి, నాకు నిద్రొస్తోంది" అని లోపలికి వెళ్లింది. లోపల లైటు చాలాసేపు వెలుగుతూనే ఉంది. నాకు మనసు చివుక్కుమంది. అంత ఖరీదు పెట్టి కొన్న వస్తువు ఇంట్లో పెద్దావిడను హాల్లోంచి పంపించేస్తే అదేం వినోదం?

తప్పు అమ్మ చెవులది కాదు. అంత పలచటి టీవీలో స్పీకరుకు చోటెక్కడ? చిన్న చిన్నవి కింద అంచుకు నేల వైపు తిప్పి పెడతారు, లేకపోతే వెనక పెడతారు. శబ్దం గోడకో బల్లకో తగిలి మన దగ్గరికి వస్తుంది. దానికి తోడు సినిమాల్లో మాటలు ఎక్కువగా మధ్య స్పీకరులోంచి వచ్చేలా కలుపుతారు. ఇంట్లో టీవీ అన్నీ కలిపి రెండు స్పీకర్లలోకి కుదించేసరికి వాన, సంగీతం కింద మాట నలిగిపోతుంది.

బావ మర్నాడే పెద్ద హోమ్ థియేటర్ సెట్టు కొంటానన్నాడు. "ఆగు బావా" అని అటక ఎక్కాను. నాన్న కొన్న పాత స్టీరియో ఆంప్లిఫైయర్, రెండు చెక్క స్పీకర్లు అక్కడే ఉన్నాయి. కోను చుట్టూ ఉండే ఫోమ్ అంచు పొడిపొడి అయిపోయి ఉంటే మార్పించాం. ఆంప్లిఫైయరుకేమో ఎరుపు, తెలుపు పిన్నులు, టీవీకేమో ఆప్టికల్ అవుట్, అంటే శబ్దాన్ని వెలుతురు రూపంలో పంపే రంధ్రం. మధ్యలో అరచేతిలో పట్టే చిన్న కన్వర్టర్ డబ్బా పెట్టాం. అన్నీ కలిపి ఆన్ చేస్తే చప్పుడు లేదు! టీవీ సెట్టింగుల్లో డిజిటల్ ఆడియో అన్న చోట 'ఆటో' ఉంది, దాన్ని 'పీసీఎం'కి మార్చగానే సౌండ్ వచ్చింది. ఇలాంటి చిన్న డబ్బాల్లో చాలావాటికి డాల్బీ పద్ధతిలో కుదించిన సిగ్నల్ విప్పడం రాదు, పీసీఎం అనే కుదించని మామూలు డిజిటల్ సిగ్నల్ అయితేనే పలుకుతాయి. స్పీకర్లను టీవీకి అటూ ఇటూ, కూర్చుంటే చెవుల ఎత్తుకు వచ్చేలా పెట్టి, కొంచెం లోపలికి తిప్పాం.

అమ్మను పిలిచి అదే సినిమా మొదటినుంచి పెట్టాం. ఈసారి "ఏమందిరా" అనలేదు. సగంలో ఉండగా "వీడు అబద్ధం చెబుతున్నాడే" అంది. హోమ్ థియేటర్ సంగతి బావ మళ్లీ ఎత్తలేదు.

అట్మాస్ మంచిదే. 2012లో థియేటర్లలోకి, 2014లో ఇళ్లలోకి వచ్చింది. పైకప్పులో స్పీకర్లు బిగించుకునే వీలున్న గదిలో అద్భుతంగా ఉంటుంది. కానీ అట్మాస్ అని రాసి ఉన్న చిన్న సౌండ్‌బార్ కొని, శబ్దం పైకప్పుకు తగిలి మీద పడుతుందని ఆశపడకండి. కప్పు చదునుగా, మరీ ఎత్తుగా లేకుండా ఉంటేనే ఆ కాస్తయినా తెలిసేది.

ఇంకో బాధ కూడా చెప్పాలి. సినిమాను మామూలుగా సెకనుకు 24 ఫ్రేములతో, అంటే 24 విడి బొమ్మలతో తీస్తారు. కొత్త టీవీలు వాటి మధ్య సొంతంగా ఫ్రేములు కల్పించి దూరుస్తాయి, దాంతో ఎంత గొప్ప సినిమా అయినా సీరియల్లా కనిపిస్తుంది. చాలా టీవీల్లో డబ్బాలోంచి తీసేసరికే అది ఆన్ చేసి ఉంటుంది, పేరు ఒక్కో కంపెనీలో ఒక్కోటి. 2019లో ప్రకటించిన ఫిల్మ్‌మేకర్ మోడ్ మీ టీవీలో ఉంటే అది పెట్టుకోండి, ఈ కల్పనంతా ఆగిపోతుంది. ఇక మన డబ్బుతో కొన్న టీవీ ఆన్ చేయగానే ప్రకటనలు చూపించడం ఉంది చూశారూ, అది నాకు పచ్చి అన్యాయంగా కనిపిస్తుంది. తెర పదేళ్లు నిక్షేపంలా ఉంటుంది, లోపలి సాఫ్ట్‌వేర్ మాత్రం నాలుగైదేళ్లకే నత్తనడక నడుస్తుంది. అప్పుడు టీవీ మార్చకండి, ఒక స్ట్రీమింగ్ స్టిక్ పెట్టుకుంటే సరిపోతుంది.

ఇంతకీ మీరు కొందామనే అనుకుంటే, మీకు బాగా తెలిసిన సినిమాలో చీకట్లో ఇద్దరు మెల్లగా మాట్లాడుకునే సీను ఒకటి ఎంచుకుని షాపుకు వెళ్లండి. అక్కడ టీవీలన్నీ రంగులు కళ్లలో గుచ్చుకునేలా పెట్టి ఉంచుతారు, సినిమా మోడ్‌లోకి మార్చమనండి. లైట్లు కాస్త తగ్గించమని అడగండి. ఇంట్లో కూర్చునేంత దూరంలో నిలబడి, ఇంట్లో పెట్టుకునేంత సౌండ్‌తో ఆ సీను పూర్తిగా చూడండి. మొహాలు కనిపించి మాటలు తెలిస్తే కొనండి. మోడ్ మార్చడానికి ఒప్పుకోకపోతే ఇంకో షాపుకు వెళ్లండి.