ఉన్ని గుడ్డ కోసే ముందు

అమ్మడూ,

నువ్వు పంపిన పాటర్న్ (గుడ్డ కోసుకునే కాగితపు నమూనా) కవరు ఫోటో చూశాను. 1940ల బ్రిటిష్ కోటు, వెడల్పు భుజాలు, బిగువైన నడుము, మోకాళ్ళ కింది దాకా పొడవు. చాలా మంచిది ఎంచుకున్నావు. వచ్చే వారమే గుడ్డ కోసేస్తానన్నావు చూడు, అక్కడే నాకు టెన్షన్. కాస్త ఆగు.

ముందు సైజు సంగతి. కవరు మీద అంకె చూసి అది నీ సైజే అనుకోకు. అప్పటి పాటర్న్‌లు చాలావాటిలో 14 అంటే ఛాతీ 32 అంగుళాలు, 16 అంటే 34. పాతదాన్ని ఉన్నదున్నట్టు మళ్ళీ అచ్చు వేసినవాళ్ళు ఆ అంకెలే ఉంచుతారు. ఇంకొందరు ఇప్పటి సైజులకి మార్చేస్తారు. నీది ఏ రకమో లోపలి కాగితంలో చదువు. కుట్టు మార్జిన్, అంటే కుట్టు అవతల వదిలే అంచు, ఎంతో కూడా అక్కడే చూసుకో. ఇప్పుడు మనకి 1.5 సెంటీమీటర్లు అలవాటు, అప్పట్లో చాలావాటికి అర అంగుళమే. ఆ కాస్త తేడా ఒక్కో కుట్టు దగ్గరా చేరి నడుము దగ్గర బయటపడుతుంది.

తర్వాత కోరా గుడ్డతో నమూనా కోటు కుట్టు. దీన్ని మాత్రం వదిలెయ్యకు. లోపల చలికాలం స్వెటర్ వేసుకుని, భుజాలకి ప్యాడ్లు పెట్టుకునే వేసి చూడు. ప్యాడ్లు లేకుండా చూస్తే భుజం జారినట్టుంటుంది, ఎక్కువైందనుకుని నువ్వు తగ్గించేస్తావు. తీరా అసలు కోటులో ప్యాడ్ పెట్టాక చంక పట్టేసి చెయ్యి లేవదు. కారు స్టీరింగ్ పట్టుకున్నట్టు చేతులు ముందుకు చాపి చూడు, వీపు దగ్గర లాగితే అక్కడ వదులు కావాలి.

జేబుల మీద ఫ్లాపులు, వెనక మడతలు అదనంగా పెడదామని రాశావు. వద్దమ్మా. బ్రిటన్‌లో 1941 జూన్‌లో బట్టలకి రేషన్ వచ్చింది. మొదటి ఏడాది మనిషికి 66 కూపన్లు ఇస్తే, లైనింగ్ ఉన్న పొడుగు ఉన్ని కోటు ఒక్కదానికే ఆడవాళ్ళకి 14 పోయేవి. మరుసటి ఏడాది నుంచి మడతలకీ, గుండీలకీ, జేబులకీ కూడా లెక్క కట్టారు. దుప్పట్లతో కోట్లు కుట్టుకున్నవాళ్ళున్నారు. అంత పొదుపుగా కోసిన గుడ్డలోంచే ఆ రూపం వచ్చింది. ఫ్లాపులు తగిలిస్తే అది ఆ కాలం కోటు కాదు.

గుడ్డ కాస్త మందంగా, నొక్కితే మెత్తగా ఉండే ఉన్ని తీసుకో. నూగు ఉన్నదైతే పీసులన్నీ ఒకే దిక్కుగా పరిచి కొయ్యాలి, అందుకని గుడ్డ ఎక్కువ కొను. కొన్నాక తడి దుప్పటిలో చుట్టి ఒక రాత్రి ఉంచి, మర్నాడు నేల మీద పరిచి ఆరబెట్టు. కుంచించుకుపోయేదేదో ముందే అయిపోతుంది.

ఇక కాలరు. నాకు అన్నిటికన్నా ఇష్టమైన పని ఇది. కాలరు నిలబడడానికి లోపల పెట్టే గట్టి గుడ్డ, క్యాన్వాస్, ఇస్త్రీతో అతుక్కునేది వాడకు, చేత్తో కుట్టే క్యాన్వాసే తెచ్చుకో. కింది కాలరు క్రాస్‌గా, అంటే నేతకి ఏటవాలుగా కోసి, దాని మీద క్యాన్వాస్ పరిచి, రెండూ కలిపి ఎడమచేతి వేళ్ళ మీద మెడ చుట్టూ తిరిగినట్టే వంచి పట్టుకో. ఆ వంపులోనే కుట్టాలి. సూది ఉన్నిలో ఒక్క పోగునే తాకి వెనక్కి రావాలి, బయటివైపు దారం కనిపించకూడదు. మడత పడే గీత దగ్గర కుట్లు చిన్నవిగా, దగ్గరగా. అంచుల వైపు కాస్త దూరంగా. అలా కుట్టుకుంటూ పోతే కాసేపటికి వేళ్ళు తీసేసినా కాలరు దానంతటదే ఒంపు తిరిగి కూర్చుంటుంది. పై కాలరు మాత్రం చుట్టూ రెండు మూడు మిల్లీమీటర్లు పెద్దగా కోసుకో, లేకపోతే అంచు పైకి లేస్తుంది.

ప్రతి కుట్టూ వేసిన వెంటనే ఇస్త్రీ చెయ్యి. ఉన్ని మీద పెట్టెని జరపకూడదు. తడిగుడ్డ పరిచి అదిమి, ఎత్తి, పక్కన పెట్టాలి. ఆవిరి ఉండగానే ఒక నున్నటి చెక్కముక్కతో అదిమి చల్లారేదాకా పట్టుకో. మందపు మార్జిన్లు అణిగేది దానితోనే. చేతులు ఎక్కించేటప్పుడు పైన మిగిలే గుడ్డని కుచ్చుల్లా వదిలెయ్యకు, గట్టిగా చుట్టిన తువ్వాలు మీద పెట్టి ఆవిరితోనే కుదించు.

లైనింగ్‌కి వెనక మధ్యలో పైనుంచి కింది దాకా ఒక మడత వదులు. అది లేకపోతే వంగినప్పుడల్లా చిరుగుతుంది. కింది అంచు మడిచే ముందు కోటుని ఒకటి రెండు రాత్రులు హ్యాంగర్‌కి తగిలించు. కాజాల దగ్గరికి వచ్చినప్పుడు ఫోన్ చెయ్యి, అది మాటల్లో కన్నా వీడియోలో చూపించడం నయం.

ప్రస్తుతానికి కోరా గుడ్డ కోటు వేసుకుని ముందు, వెనక, పక్కల నుంచి ఫోటోలు తీసి పంపు. చేతులు పైకెత్తింది కూడా ఒకటి. అవి చూసి నేను చెప్పేదాకా ఉన్ని మీద కత్తెర పెట్టకు.

ఆశీస్సులతో,
పెద్దమ్మ